టీఎంటీలో వీపీసీలు వచ్చాయన్నారు, నేరుగా యాంజియో చేయించేయాలా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీది పలాస దగ్గర ఊరు. నాన్నగారికి 58 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి. జీడితోటలో పని చేస్తుంటే ఆయాసం వస్తోందని శ్రీకాకుళం తీసుకెళ్లి టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) చేయించారు. ఏడు నిమిషాలు నడిచారు. రిపోర్టులో ‘ఇస్కీమియాకు నెగెటివ్, రికవరీలో తరచుగా వీపీసీలు, ఒక కప్లెట్’ అని వచ్చింది. అంటే గుండెకు రక్తం చాలడం లేదన్న సూచన కనబడలేదు, కానీ నడక ఆగి కోలుకునే సమయంలో (రికవరీలో) వంతు రాకముందే పడే దెబ్బలు (వీపీసీలు) తరచుగా, ఒకసారి జంటగా (కప్లెట్) వచ్చాయి. డాక్టరుగారు ఎకో (గుండె స్కాన్), హోల్టర్ (రోజంతా కట్టుకునే ఈసీజీ) రాశారు. చుట్టాలేమో ఇవన్నీ ఎందుకు, నేరుగా విశాఖపట్నం వెళ్లి యాంజియో చేయించేయమంటున్నారు. ఇందులో ఏది సరైనదని మీ ప్రశ్న. చివర్లో ఇంకొక్క వాక్యం కలిపారు. కానిస్టేబుల్ సెలక్షన్‌కి ప్రాక్టీసు చేస్తున్న మీ తమ్ముడు, 22 ఏళ్ల కుర్రాడు, మొన్న పరిగెడుతూ పడిపోయాడని, ఈసీజీ నార్మల్ వచ్చిందని, వాడికి కూడా టీఎంటీ చేయిస్తే మంచిదా అని.

నేను డాక్టరును కాను. విజయనగరంలో టీఎంటీ గదిలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న కార్డియాక్ టెక్నీషియన్ని. ఈ కోర్సు చదివే పిల్లలకు పాఠాలు కూడా చెబుతుంటాను. మందు రాయడం నా పని కాదు. ఆ కాగితాల మీద ఏముంటుందో, వాటిని ఎలా చదవాలో మాత్రం చెప్పగలను. నాన్నగారి గురించి వివరంగానే రాస్తాను. అయితే మీ ప్రశ్న మొత్తంలో నాకు గాబరా పుట్టించింది ఆ చివరి వాక్యం.

తమ్ముడిని రేపటి నుంచి గ్రౌండుకు పంపకండి. సెలక్షన్ ఎంత దగ్గరపడినా సరే. మీ ఇంట్లో కార్డియాలజిస్టును ముందుగా కలవాల్సింది నాన్నగారు కాదు, ఈ అబ్బాయి.

పరుగు పూర్తయి నిలబడ్డాక కళ్లు తిరిగి పడటం వేరు, పరుగు మధ్యలో పడటం వేరు. పరిగెడుతున్నంతసేపూ కాళ్ల కండరాలు రక్తాన్ని గుండె వైపు నెడుతుంటాయి. 1600 మీటర్లు కొట్టేసి లైను దాటగానే టక్కున ఆగిపోతే ఆ సాయం ఆగిపోతుంది. రక్తం కాళ్లలో నిలిచిపోతుంది, మెదడుకు చాలదు, కుర్రాడు కూలబడతాడు. ఖాళీ కడుపు, ఎండ, ఉక్క తోడైతే ఇంకా తేలిగ్గా జరుగుతుంది. పడుకోబెట్టి కాళ్లు ఎత్తితే నిమిషంలో తేరుకుంటాడు. ఇది చాలా మటుకు ప్రమాదం లేని సంగతే. కానీ అడుగులు పడుతూ ఉండగానే, కళ్లు మసకబారడం, చెమట పట్టడం లాంటి సూచన ఏదీ లేకుండా, చేతులు అడ్డం పెట్టుకునే వ్యవధి కూడా లేకుండా పడితే గుండె లయ తప్పిందేమోనని అనుమానించి తీరాలి. పక్కన పరిగెత్తిన స్నేహితులను అడగండి. ఏ క్షణంలో పడ్డాడు, మొహానికీ మోకాళ్లకూ దెబ్బలు తగిలాయా, ఎంతసేపటికి లేచాడు, లేచాక మాట సరిగ్గా ఉందా. వాడిని అడిగితే ‘ఏటీ లేదన్నా, కాలు జారింది’ అంటాడు. సెలక్షన్ పోతుందన్న భయం ఉన్న కుర్రాళ్లందరూ అదే అంటారు.

ఈసీజీ నార్మల్ అన్న మాట దగ్గర ఆగిపోవద్దు. మంచం మీద కదలకుండా పడుకున్నప్పుడు తీసిన పది సెకన్ల చిత్రం అది. పరుగులోనే బయటపడే జబ్బులు కొన్ని ఉన్నాయి. సీపీవీటీ అని, శ్రమలో గుండె లయ తప్పే జబ్బు ఒకటుంది. గుండె చూడటానికి మామూలుగానే ఉంటుంది, ఈసీజీ మామూలుగానే ఉంటుంది, ఎకో కూడా మామూలుగానే ఉంటుంది. ట్రెడ్‌మిల్ మీద నాడి 110 నుంచి 130 మధ్యకు రాగానే ఒక్కొక్క వీపీసీ మొదలవుతుంది, వేగం పెరిగేకొద్దీ దట్టమవుతాయి, ఆ తర్వాత ఒక దెబ్బ పైకి, ఒక దెబ్బ కిందకి తిరిగి ఉండే వీటీ (కింది గదుల నుంచి వేగంగా వరసకట్టే దెబ్బలు) వస్తుంది. నడక ఆపితే సర్దుకుంటుంది. మళ్లీ నడిపిస్తే మళ్లీ దాదాపు అదే వేగం దగ్గర వస్తుంది. కణాల లోపల కాల్షియం రాకపోకల్లో వచ్చే జన్యు లోపం దీనికి మూలం. మేనరికం పెళ్లిళ్లలో పుట్టిన పిల్లల్లో కనబడే రకం కూడా ఒకటుంది. దీనికి బీటా బ్లాకర్ మందులున్నాయి, పట్టుకుంటే కాపాడుకోవచ్చు. పట్టుకోకపోవడమే ప్రమాదం. ఇది కాక గుండె కండరం మందంగా పెరిగే జబ్బు, గుండె రక్తనాళం పుట్టుకతోనే తప్పు చోటు నుంచి బయలుదేరడం, ఈసీజీలో క్యూటీ అనే భాగం నిడివి ఎక్కువగా ఉండటం లాంటివీ చూడాలి.

ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. అటు నాన్నగారి వైపు, ఇటు మేనమామల వైపు నలభై లోపు హఠాత్తుగా పోయినవాళ్లు ఉన్నారా? ఈత బాగా వచ్చి కూడా చెరువులోనో సముద్రంలోనో మునిగిపోయినవాళ్లు ఉన్నారా? మూర్ఛ అని ఏళ్ల తరబడి మందులు వాడినా తగ్గనివాళ్లు? మూర్ఛగా పొరబడిన గుండె జబ్బులు నిజంగానే ఉంటాయి.

ఇక వాడికి టీఎంటీ. చేయించాలి, కానీ మొదట కాదు. ముందు కార్డియాలజిస్టు చూసి, ఎకో తీసి, ఆ తర్వాత డాక్టరు గదిలోనే నిలబడి, డీఫిబ్రిలేటర్ (లయ తప్పిన గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) ఆన్‌లో ఉంచుకుని చేసే చోట చేయించాలి. అందుబాటులో ఎలక్ట్రోఫిజియాలజిస్టు ఉంటే మరీ మంచిది. గుండె లయ జబ్బులే ప్రత్యేకంగా చూసే కార్డియాలజిస్టును అలా పిలుస్తారు. మీకు దగ్గరగా అంటే విశాఖపట్నమే. మామూలు హెల్త్ చెకప్ ప్యాకేజీలో భాగంగా చేసే టీఎంటీతో దీన్ని సరిపెట్టొద్దు.

ఇప్పుడు నాన్నగారి సంగతి.

గుండె లయను నడిపేది పై గదిలోని సైనస్ నోడ్. కింది గదుల్లో ఎక్కడో ఒక చోటి కండరం, క్యూలో మధ్యలో దూరినవాడిలా, తన వంతు రాకముందే ఒక దెబ్బ కొడితే దాన్ని వీపీసీ అంటాం. దాని తర్వాత చిన్న విరామం వస్తుంది, ఆపైన వచ్చే మామూలు దెబ్బ కాస్త బలంగా ఉంటుంది. ‘గుండె ఒక్కసారి జారినట్టయింది బాబూ’ అని పెద్దవాళ్లు చెప్పేది ఈ విరామం గురించీ ఆ తర్వాతి దెబ్బ గురించీ. రెండు వీపీసీలు వెంటవెంటనే వస్తే కప్లెట్. మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వేగంగా వరసకడితే వీటీ. అది 30 సెకన్లు దాటితే, లేదా ఆలోపే మనిషి సోలిపోతే, పరీక్ష అక్కడే ఆపి చికిత్స మొదలుపెడతాం. మీ నాన్నగారికి వచ్చింది కప్లెట్ దాకానే.

టీఎంటీ గదిలో వీపీసీ కనబడని రోజు మాకు అరుదు. అందుకే వచ్చాయా లేదా అన్నది పెద్ద ప్రశ్న కాదు. ఎప్పుడు వచ్చాయి, ఎలాంటి గుండెలో వచ్చాయి, వాటితో పాటు ఇంకేం జరిగింది అన్నవే చూడాలి.

ఎప్పుడు అన్న దాంట్లో మూడు రకాలు చూస్తుంటాం. కొందరికి కూర్చున్నప్పుడు బోలెడన్ని ఉంటాయి, నడక మొదలై నాడి పెరిగేసరికి మాయమవుతాయి. గుండె ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇది ధైర్యం చెప్పదగ్గ లక్షణం. కొందరికి నడక పెరిగేకొద్దీ పెరుగుతాయి. ఆ రకం వచ్చినప్పుడు కారణం వెతకాలి. ఇంకొందరికి నడిచినంతసేపూ శుభ్రంగా ఉండి, ట్రెడ్‌మిల్ ఆగాక, రికవరీ మొదటి రెండు మూడు నిమిషాల్లో వరసపెడతాయి. మీ నాన్నగారిది ఈ మూడోది.

ఆగాక ఎందుకు వస్తాయని చాలామంది అడుగుతారు, కష్టపడినప్పుడు రానిది విశ్రాంతిలో రావడమేంటని. నడుస్తున్నప్పుడు కండరాల్లోంచి పొటాషియం రక్తంలోకి వస్తుంది. ఆగిన వెంటనే అది గబగబా వెనక్కి లాగేసుకోబడి, ఒక్కోసారి మొదట ఉన్నదానికన్నా కిందికి పడిపోతుంది. అదే సమయంలో ఒంట్లో అడ్రినలిన్ వర్గం హార్మోన్ల ఉధృతి ఇంకా తగ్గదు. మరోవైపు నాడిని నెమ్మదింపజేసే వేగస్ నరం మళ్లీ పని మొదలుపెడుతుంది. ఇన్ని మార్పులు ఒకే నిమిషంలో జరగడం వల్ల కొంచెం అటూ ఇటూగా ఉన్న కండరం అప్పుడే బయటపడుతుంది. నడక ఆగాక ఆరేడు నిమిషాలు మిమ్మల్ని వైర్లు విప్పకుండా కూర్చోబెట్టేది ఇందుకే. ‘అయిపోయింది కదా, తీసెయ్ బాబూ’ అని తొందరపెట్టేవాళ్లు ప్రతిరోజూ ఉంటారు.

రికవరీ వీపీసీల మీద మా విద్యార్థులకు తప్పకుండా చెప్పే అధ్యయనం ఒకటుంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు 29 వేల మందికి పైగా టీఎంటీ రికార్డులు తీసుకుని 2003లో ప్రచురించారు. రికవరీలో తరచుగా వీపీసీలు వచ్చినవాళ్లలో అయిదేళ్లలో మరణించినవాళ్లు 11 శాతం, రానివాళ్లలో 5 శాతం. నడుస్తున్నప్పుడు వచ్చినవాళ్లలో 9 శాతం. అంటే నడకలో వచ్చినవాటికన్నా రికవరీలో వచ్చినవాటికే ఎక్కువ విలువ ఇవ్వాలని తేలింది. ఇంటర్నెట్‌లో ఇది చూసి మీరు భయపడే అవకాశం ఉంది కాబట్టి రెండు సంగతులు చెబుతాను. అందులో ‘తరచుగా’ అంటే నిమిషానికి ఏడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ, లేదా కప్లెట్లు, బైజెమినీ (దెబ్బ విడిచి దెబ్బ వీపీసీ), వీటీ లాంటివి ఉన్నప్పుడు మాత్రమే. రెండోది, వీపీసీలే ఆ మనుషుల్ని చంపాయని దాని అర్థం కాదు. అప్పటికే గుండె కండరమో రక్తనాళాలో దెబ్బతిన్నవాళ్లలో అవి ఎక్కువగా కనబడ్డాయి. అందుకే వీపీసీలు అణిచే మందు వేసుకోవడం కన్నా, లోపల ఏముందో చూడటం ముందు పని. మీ డాక్టరుగారు ఎకో రాసింది దానికే. ఆయన సరిగ్గానే వెళుతున్నారు.

ఇప్పుడు ఆ రిపోర్టు ఫైలు తీయండి. ఆఖరి పేజీలో టైపు చేసిన రెండు లైన్లు చదివి వదిలేయకండి. లోపలి పేజీల్లో మీకు కావలసినవి చాలా ఉన్నాయి.

మొదట గరిష్ఠ నాడి ఎంత అన్నది చూడండి. 220లోంచి వయసు తీసేస్తే నాన్నగారికి 162. అందులో 85 శాతం, అంటే దాదాపు 138 దాటితే పరీక్ష సరిపడా జరిగిందని లెక్క. 120 దగ్గరే కాళ్లు నొప్పులని ఆపేసి ఉంటే ఆ ‘నెగెటివ్’ అన్న మాటకు బలం లేదు. బీపీకి మెటోప్రోలాల్, బిసోప్రోలాల్ లాంటి బీటా బ్లాకర్ వాడుతుంటే నాడి ఎలాగూ పెరగదు. పరీక్ష ముందు ఆ మాత్ర ఆపమన్నారా, వేసుకునే వచ్చారా అన్నది డాక్టరుకు తెలియాలి. (దాన్ని సొంతంగా మాత్రం ఎప్పుడూ ఆపకండి. ఒక్కసారిగా మానేస్తే బీపీ, నాడి రెండూ ఎగదన్నుతాయి.)

తర్వాత ఎంతసేపు నడిచారన్నది. మన దగ్గర ఎక్కువగా వాడేది బ్రూస్ ప్రోటోకాల్. మూడేసి నిమిషాలకు వేగమూ ఎత్తూ పెరుగుతాయి. మొదటి దశ గంటకు 2.7 కిలోమీటర్లు, రెండోది 4, మూడోది 5.5. ఎత్తు 10, 12, 14 శాతం. ఏడు నిమిషాలంటే మూడో దశలో ఒక నిమిషం నడిచారు. శ్రమను కొలిచే మెట్ (MET) లెక్కలో రెండో దశ పూర్తయితే దాదాపు 7, మూడోది పూర్తయితే దాదాపు 10. షుగర్, బీపీ ఉన్న 58 ఏళ్ల మనిషికి ఇది తీసిపారేయదగ్గ సామర్థ్యం కాదు. మరి తోటలో ఆయాసం ఎందుకు అన్న ప్రశ్న అలాగే మిగులుతుంది. దానికి హిమోగ్లోబిన్ కూడా ఒకసారి చూపించండి. ఆయాసం అనగానే అందరూ గుండె వైపే పరిగెడతారు, రక్తం తక్కువగా ఉన్న సంగతి మరిచిపోతారు.

మూడోది, రికవరీ మొదటి నిమిషంలో నాడి ఎంత తగ్గింది. ఆగాక నెమ్మదిగా నడిపించే పద్ధతిలో ఆ నిమిషంలో 12కు మించి తగ్గితే మంచిది. ఉదాహరణకు 146 నుంచి 120కి వచ్చిందంటే బాగున్నట్టు. 146 నుంచి 138 దగ్గరే ఉండిపోతే డాక్టరు దాన్ని వీపీసీలతో కలిపి ఆలోచిస్తారు. బీపీ గడి కూడా చూడండి. నడక పెరిగేకొద్దీ పై బీపీ పెరగాలి. పెరగకుండా పడిపోతే అది వీపీసీలకన్నా పెద్ద విషయం.

ఆ తర్వాత స్ట్రిప్పులు. ఇక్కడ మా వృత్తి లోపలి మాట ఒకటి చెబుతాను. యంత్రం లెక్కపెట్టిన వీపీసీల సంఖ్యను నేను నమ్మను. మన కోస్తా ఉక్కలో చెమట పట్టిన ఛాతీ మీద ఎలక్ట్రోడ్ కాస్త వదులైతే, మనిషి ఒక్కో అడుగు వేసినప్పుడల్లా గీత ఎగురుతుంది. యంత్రానికి అది వీపీసీ, వరసగా ఎగిరితే వీటీ. బాగా చూస్తే ఆ గజిబిజి మధ్యలోంచి అసలు దెబ్బలు వాటి దారిన అవి సమయానికి పడుతూ కనబడతాయి. అందుకే ఛాతీ మీద వెంట్రుకలు తీసి, స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి అతికించమని పిల్లలకు పదేపదే చెబుతాం. ఆడవాళ్ల విషయంలో మొహమాటపడి పైపైన అతికించేస్తే రిపోర్టే తప్పుతుంది. నాన్నగారివి రికవరీలో, కూర్చున్నప్పుడు వచ్చినవి కాబట్టి నిజమైనవే అయ్యే అవకాశం ఎక్కువ. అయినా కప్లెట్ ఉన్న స్ట్రిప్‌ను డాక్టరు కంటితో చూడాలి. అన్నీ ఒకే ఆకారంలో ఉన్నాయా, రకరకాలుగా ఉన్నాయా అన్నది కూడా అందులోనే తెలుస్తుంది. ఒకే చోటు నుంచి వచ్చేవి ఒకే ఆకారంలో ఉంటాయి. కుడి కింది గది (జఠరిక) నుంచి ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారిలో పుట్టే ఒక రకం ఉంది. ఆకారం చూడగానే అనుభవం ఉన్నవాళ్లు గుర్తుపడతారు. గుండె బాగున్నవాళ్లలో అది సాధారణంగా ప్రాణం మీదికి తేదు.

ఎకోలో ముఖ్యంగా ఈఎఫ్ (ఒక్కో దెబ్బకు గుండె బయటికి నెట్టే రక్తం శాతం) అనే అంకె చూడండి. 55, 60 ఉండి, గోడలన్నీ సమంగా కదులుతూ, కవాటాలు బాగుంటే సగం బరువు దిగినట్టే. 40కి తగ్గినా, ఒక గోడ కదలకపోయినా కథ మారుతుంది. ఎప్పుడో తెలియకుండా వచ్చిపోయిన గుండెపోటు మచ్చ అయి ఉండవచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి లేకుండా అలా జరుగుతుంది. అప్పుడు యాంజియో మాట డాక్టరే ఎత్తుతారు.

హోల్టర్ రోజంతా కట్టుకుని తిరిగే ఈసీజీ. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. అందులో వీపీసీలు ఎంత శాతం అన్నది దీంట్లో తేలుతుంది. ఒక శాతం లోపు అయితే పెద్దగా పట్టించుకోరు. 10 శాతం దాటితే, అంటే రోజుకు పదివేలు దాటితే, కాలక్రమంలో వాటివల్లే గుండె కండరం బలహీనపడే అవకాశం ఉంది కాబట్టి వదలరు. దానికి మందులున్నాయి, అవి పుట్టే చోటును వెతికి కాల్చేసే అబ్లేషన్ కూడా ఉంది. హోల్టర్ కట్టిన రోజు నాన్నగారిని మంచం మీద కూర్చోబెట్టకండి. బరువులు ఎత్తడం తప్ప రోజూ చేసే పనులే చేయనివ్వండి, తోటకు వెళ్లి రమ్మనండి. ఎప్పుడు ఆయాసం వచ్చింది, ఎప్పుడు దడ వచ్చింది అన్నది గడియారం చూసి కాగితం మీద రాయండి. ఆ రోజు స్నానం ఉండదు. ప్యాచ్‌లు చెమటకు ఊడితే మళ్లీ అతికించడానికి రెండు అదనంగా అడిగి తెచ్చుకోండి.

ఇక యాంజియో. వీపీసీలు వచ్చాయన్న ఒక్క కారణంతో యాంజియో చేయరు. టీఎంటీలో ఎస్టీ అనే ఈసీజీ గీత కిందికి దిగితే, నడకలో ఛాతీ పట్టేస్తే, బీపీ పడిపోతే, ఎకోలో గోడ కదలకపోతే, అప్పుడు దానికి అర్థం ఉంటుంది. టీఎంటీ నూటికి నూరుపాళ్లు నమ్మదగ్గదని నేను అనడం లేదు. రక్తనాళాల్లో గట్టి అడ్డంకి ఉన్నవాళ్లలో కూడా మూడోవంతు మందికి అది నెగెటివ్‌గా రావచ్చు. అందుకే ఎకో, ఆయాసం, షుగర్ అన్నీ కలిపి డాక్టరు నిర్ణయించాలి. ‘మా బావమరిదికి చేయించాం, ఏమీ లేదన్నారు, నిశ్చింతగా ఉంది’ అనే చుట్టం నిర్ణయించకూడదు.

మీ విషయంలో ఇంకో కారణం కూడా ఉంది, అది మీ ఊరు. ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. బయటికి ఏమీ తెలియకుండా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) పెరిగిపోయినవాళ్లు మీ వీధిలోనే ఉంటారు. యాంజియోలో రక్తనాళాలు కనబడేందుకు ఎక్కించే మందు కిడ్నీల మీద భారం వేస్తుంది. క్రియాటినిన్ చూడకుండా యాంజియో బల్ల ఎక్కించడం ఎవరికైనా తప్పే, ఉద్దానం మనిషికి మరీ తప్పు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే ఆ సంగతి కూడా ముందే చెప్పాలి. పలాసలోనే 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి కదా. ఒక పూట వెళ్లి క్రియాటినిన్, సోడియం, పొటాషియం చేయించుకు రండి.

ఆ పొటాషియం వీపీసీలకు కూడా సంబంధించినదే. తగ్గినా లయ తప్పుతుంది, బాగా పెరిగినా తప్పుతుంది. బీపీ మాత్ర డబ్బా మీద పేరు చివర ‘హెచ్’ అని ఉందేమో చూడండి. ఉంటే సాధారణంగా అందులో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు కలిసి ఉంటుంది, అది పొటాషియాన్నీ మెగ్నీషియాన్నీ తగ్గిస్తుంది. టెల్మిసార్టాన్ లాంటి మందులు, కిడ్నీ దెబ్బతిని ఉంటే, పొటాషియాన్ని పెంచుతాయి. ఒకే మాత్రలో రెండూ ఉంటాయి కాబట్టి రక్తపరీక్ష చేయకుండా ఊహించడం కుదరదు. థైరాయిడ్ కూడా ఒకసారి. వీటన్నింటికీ విశాఖపట్నం వెళ్లక్కర్లేదు. ఒళ్లు నొప్పులకని మందుల షాపులో అడిగి తెచ్చుకునే బిళ్లలు నాన్నగారు వాడుతుంటే ఈ రోజే మాన్పించండి. కిడ్నీకీ బీపీకీ రెండింటికీ చెడ్డవి.

మీరు అడగలేదు గానీ, టీఎంటీలో లయ తప్పడమంటే వీపీసీలొక్కటే కాదు. పై గదుల నుంచి వంతు రాకముందే వచ్చే దెబ్బలు (ఎక్టోపిక్స్) వయసుతో పాటు మామూలే. నడకలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (పై గదులు లయ లేకుండా వణకడం) వస్తే, అది కాసేపట్లో తగ్గిపోయినా సరే, పక్షవాతం రాకుండా రక్తం పలచబడే మందు అవసరమా అని డాక్టరు లెక్క వేయాలి. ఆర్మీ, పోలీసు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లకు కూర్చున్నప్పుడు నాడి యాభై లోపు ఉండి, మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పి, ట్రెడ్‌మిల్ ఎక్కగానే సర్దుకుంటుంది. అది శిక్షణ వల్ల వచ్చింది. దానికి విరుద్ధంగా, నడిచేకొద్దీ దెబ్బలు తప్పడం ఎక్కువైతే, గుండెలోని కరెంటు దారి కింది భాగంలో దెబ్బతిన్నట్టు. పేస్‌మేకర్ అవసరం రావచ్చు.

ఎకో అయ్యేదాకా నాన్నగారు ఏం చేయవచ్చని అడిగారు. మామూలు నడక నడవొచ్చు. మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు. జీడిగింజల బస్తాలు ఎత్తడం, కొబ్బరిచెట్టు ఎక్కడం వద్దు. నడక అయ్యాక ఒక్కసారిగా కూలబడకుండా అయిదు నిమిషాలు నెమ్మదిగా తిరగమనండి. చుట్ట అలవాటుంటే మానాల్సిందే. అమ్మగారికి అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం) అలవాటుంటే ఆవిడకీ అదే మాట. టీ రోజుకు రెండుసార్లు తాగితే నాకు అభ్యంతరం లేదు, కొందరు డాక్టర్లకు ఉండొచ్చు. స్పృహ తప్పడం, ఛాతీ మధ్యలో పట్టేసి పదిహేను నిమిషాలైనా వదలకపోవడం, దడ మొదలై తగ్గకుండా చెమటలు పట్టడం, వీటిలో ఏది జరిగినా హోల్టర్ తేదీ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

మళ్లీ టీఎంటీ చేయించాల్సి వస్తుందేమోనని నాన్నగారికి టెన్షన్‌గా ఉందని రాశారు. రావచ్చు, మందులు మొదలుపెట్టాక ఒక్కోసారి మళ్లీ చూస్తారు. మార్గదర్శకాల్లో రాసే అంచనా ప్రకారం గుండెపోటు లేదా మరణం అనేది 2500 పరీక్షల్లో గరిష్ఠంగా ఒకదాంట్లో. అదీ జబ్బు ఉన్నవాళ్లందరినీ కలిపి. మూడు గంటల ముందు నుంచి ఏమీ తినకుండా, టీ కాఫీ తాగకుండా, నడవడానికి వీలైన చెప్పులో బూట్లో వేసుకుని రమ్మనండి. పంచె కట్టుకుని వస్తే ట్రెడ్‌మిల్ మీద కాలికి అడ్డం పడుతుంది, లుంగీ అయినా అంతే. చాలనిపించినప్పుడు ‘ఆపీ బాబూ’ అనడానికి మొహమాటపడొద్దని చెప్పండి. మగవాళ్లు పక్కన కొడుకు నిలబడి ఉంటే అస్సలు అనరు. అందుకని మీరు బయట కూర్చోండి.

విశాఖపట్నం వెళ్లేటప్పుడు టీఎంటీ ఫైలు మొత్తం తీసుకెళ్లండి, రికవరీ స్ట్రిప్పులు తప్పనిసరి. అవి లేకుండా ‘వీపీసీలు వచ్చాయట’ అని నోటితో చెబితే అక్కడి డాక్టరు మళ్లీ మొదటి నుంచి చేయించాల్సి వస్తుంది. వేసుకునే మాత్రల అట్టలన్నీ ఒక కవరులో వేయండి. వైద్య సేవ కార్డు ఉంటే అదీ, వెళ్లగానే ఆరోగ్యమిత్రను అడిగి ఏది పథకంలోకి వస్తుందో ముందే తెలుసుకోండి. ఇంకొకటి, ఆ స్ట్రిప్పులు నూనెగా మెరిసే థర్మల్ కాగితం మీద ఉంటే ఈ రోజే జిరాక్స్ తీయించి, ఫోన్‌లో కూడా ఫొటో తీసి పెట్టుకోండి. ఎండకు ఆ గీతలు కొన్నాళ్లకు చెరిగిపోతాయి. భద్రంగా ఉంటుందని లామినేషన్ మాత్రం చేయించకండి, ఆ వేడికి కాగితం మొత్తం నల్లబడిపోతుంది.